డిస్కోర్స్‌తో నాలుగేళ్లు: మిద్దెతోటల చర్చావేదిక నడిపిన అనుభవం

2021 మొదట్లో మా మిద్దెతోటల వాట్సాప్ గ్రూపు నిండిపోయింది. అప్పట్లో ఒక గ్రూపులో 256 మందికి మించి చోటు ఉండేది కాదు కనుక రెండోది తెరిచాము. ఇక అక్కడ చెప్పిన జవాబునే ఇక్కడ మళ్లీ టైపు చేయవలసి వచ్చేది. టమాటా ఆకుముడత గురించి ఆ వేసవిలో నేనొక్కడినే ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ వల్ల అది వస్తుందని, బాగా ముదిరిన మొక్కను పీకి దూరంగా పారవేయడమే మేలని రాసిన ప్రతి జవాబూ రెండు రోజులు తిరగకుండానే శుభోదయాల కింద కూరుకుపోయేది. చెప్పిన మాట నిలిచి ఉండే చోటు కావాలన్న ఆశతో చర్చావేదికలు నడిపే డిస్కోర్స్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఒక అద్దె సర్వరు మీద పెట్టుకున్నాము. అప్పటి నుంచి నాలుగేళ్లకు పైగా దానికి నిర్వాహకుడిగా ఉన్నాను.

డిస్కోర్స్‌ను 2013లో జెఫ్ ఆట్‌వుడ్, రాబిన్ వార్డ్, శామ్ శాఫ్రన్ విడుదల చేశారు. ఇది ఓపెన్ సోర్సు కాబట్టి సాఫ్ట్‌వేర్‌కు పైసా కట్టనక్కరలేదు, సర్వరు అద్దె మాత్రమే మన ఖర్చు. ఒక జీబీ ర్యామ్‌తో నడుస్తుంది గానీ రెండు జీబీలు ఉంటేనే అప్‌డేట్ల సమయంలో ఊపిరాడుతుంది. ఇన్‌స్టాల్ చేయడం ఒక సాయంత్రంలో అయిపోయింది. మెయిలు కుదర్చడానికి మాత్రం పది రోజులు పట్టింది, ఎందుకంటే సర్వరు అద్దెకిచ్చే సంస్థలు చాలావరకు మెయిలు పంపే 25వ పోర్టును మూసి ఉంచుతాయి, ఉత్తరం నిజంగా మన డొమైన్ (వెబ్ చిరునామా) నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు సరిగా రాయకపోతే ఉత్తరాలు స్పామ్‌లోకి పోతాయి. ఇదంతా తెలియక ముందే ఆహ్వానాలు పంపేశాను. ఖాతాను ధ్రువీకరించే మెయిలు రాక మొదటి వారంలోనే వెనుదిరిగినవారిలో ఎక్కువ మంది మళ్లీ రాలేదు. ఎవరైనా వేదిక తెరవబోతుంటే, రెండు మూడు రకాల మెయిలు ఖాతాలకు పరీక్షగా ఉత్తరాలు పంపి, అవి ఇన్‌బాక్సులో పడ్డాయని కళ్లారా చూశాకే గడప దాటి నలుగురినీ పిలవమంటాను.

రెండో తప్పు పూర్తిగా నా అత్యుత్సాహం. ఆకుకూరలకు ఒకటి, తీగజాతికి ఒకటి, ఎరువులకు ఒకటి, మట్టి మిశ్రమాలకు ఒకటి చొప్పున పదిహేడు విభాగాలు పెట్టాను. ఉన్న యాభై మంది వాటిలో చెదిరిపోయి, ఏ విభాగం తెరిచినా పెళ్లి అయిపోయిన మరునాటి పందిరిలా కనిపించేది. ఆరు నెలలకు వాటిని నాలుగుకు కుదించాను. ప్రశ్నలు రెట్టింపు కాలేదు గానీ అడిగిన ప్రశ్నకు జవాబు రావడం మొదలైంది.

తెరిచే ముందు నేనూ మరో ముగ్గురు మిత్రులూ కలిసి, గ్రూపుల్లో మేము ఇచ్చిన పాత జవాబులను సాపుచేసి నలభై అంశాలుగా పెట్టడం మంచి పని అయింది. అంతటితో ఆగకుండా, సందడి కనిపించాలని ఒక దొంగ పేరుతో ప్రశ్న అడిగి నా అసలు పేరుతో జవాబిచ్చాను. రెండు చోట్లా ఒకే రకం వాక్యాలు చూసి ఒక పెద్దాయన నవ్వుతూనే నిలదీశారు. ఆ ఖాతాను అదే రోజు తీసివేసి, సంగతి అందరికీ చెప్పాను.

డిస్కోర్స్‌లో నేను ఎక్కువగా మెచ్చుకునేది, సభ్యులకు మెట్టుమెట్టుగా అధికారాలిచ్చే విశ్వాస స్థాయిల ఏర్పాటు. కొత్తగా చేరినవారు సున్నా స్థాయిలో ఉంటారు. కనీసం అయిదు అంశాలు తెరిచి, ముప్పై పోస్టులు చదివి, పది నిమిషాలు గడిపితే ఒకటో స్థాయికి తామంతట తామే చేరతారు. రెండో స్థాయికి పదిహేను రోజుల రాకపోకలు, ఇతరుల అంశాలలో జవాబులు కావాలి. ఇక్కడ చదవడం కూడా పాల్గొనడంగానే లెక్కకు వస్తుంది, అది నాకు నచ్చింది. ఏ చర్చావేదికలోనైనా రాసేవారు గుప్పెడు మందే ఉంటారు, తక్కినవారంతా చదివి వెళ్తారు. ఆ చదివేవారిని లోకువ చేసే వేదిక నిలవదు.

అయితే ఈ ఏర్పాటులో ఒక మెలిక ఉంది. కొత్త వేదికలో మొదటి యాభై మందికి ఒకటో స్థాయి నేరుగా దక్కుతుంది, ఆ తరువాతి వారికే అసలు నియమాలు వర్తిస్తాయి. సున్నా స్థాయి సభ్యులు ఒక పోస్టులో ఒకే బొమ్మ పెట్టగలరు. తెగులు పట్టిన మొక్క గురించి అడగాలంటే ఆకు పైభాగం, కిందిభాగం, మొక్క మొత్తం, మూడు ఫోటోలూ కావాలి కదా! యాభై దాటేదాకా ఏ ఇబ్బందీ తెలియని నాకు, ఆ తరువాత చేరినవారు బొమ్మలు ఎక్కడం లేదని గ్రూపులో మొత్తుకుంటే గానీ విషయం అర్థం కాలేదు. ఆ పరిమితిని నాలుగుకు పెంచాను. లింకుల పరిమితిని మాత్రం అలాగే ఉంచాను, అది లేకపోతే నర్సరీల ప్రకటనలు ముంచెత్తుతాయి.

మూడో స్థాయివారికి ఇతరుల అంశాల శీర్షికలను మార్చే అధికారం వస్తుంది. మా సభ్యురాలైన ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, "సాయం కావాలి" అన్న శీర్షికలన్నిటినీ ఓపికగా "వంగలో కాయ తొలిచే పురుగు" వంటి పేర్లుగా మార్చేవారు. మనవరాలు పుట్టాక మూడు నెలలు రాలేకపోయారు. గడచిన వంద రోజులలో సగం రోజులైనా రావాలన్న నియమం ప్రకారం ఆమె స్థాయి దానంతట అదే పడిపోయింది, మనసు నొచ్చుకున్నారు. నిర్వాహకుడు ఎవరి స్థాయినైనా స్థిరంగా ఉంచే వీలుందని నాకు అప్పుడే తెలిసింది. యంత్రం లెక్క చూసుకుంటుంది, మర్యాద మనం చూసుకోవాలి.

తెలుగు విషయంలో కొన్ని చిక్కులు ఉన్నాయి. శీర్షికకు కనీసం పదిహేను అక్షరాలు ఉండాలంటుంది; గుణింతపు గుర్తులను విడిగా లెక్కపెట్టినా "టమాటా ముడత" పదికి మించదు, అందుకని ఆ సంఖ్యను తగ్గించాము. తెలుగు శీర్షిక ఉన్న అంశానికి మామూలు అమరికలో వెబ్ చిరునామా "టాపిక్" అన్న ఒక్క మాటతో, అంశం సంఖ్యతో వస్తుంది. తెలుగులోనే రావాలని అమరిక మారిస్తే ఒక్కో గుర్తూ తొమ్మిది అక్షరాల శాతపు గుర్తుల వరుస అవుతుంది, వాట్సాప్‌లో అతికిస్తే చీమలబారులా కనిపిస్తుంది. పాత అమరికకే తిరిగి వెళ్లాను. వెతుకులాటలో "పురుగు" అంటే "పురుగులు" దొరుకుతుంది గానీ "తెగులు" అంటే "తెగుళ్లు" దొరకదు, తెలుగు బహువచనం దానికి తెలియదు. ఆ ఉపాధ్యాయిని శీర్షికలలో రెండు రూపాలూ చేర్చడం మొదలుపెట్టడానికి కారణం ఇదే.

పాత వాట్సాప్ గ్రూపులను మూయకపోవడం నేను చేసిన తెలివైన పని. మా వాళ్లు మెయిలు తెరవరు, డిస్కోర్స్ పంపే సారాంశ లేఖలను చూసేవారే లేరు. అందువల్ల ప్రతి ఆదివారం ఆ వారపు మంచి చర్చ ఒకదాని లింకును గ్రూపులో పెడతాము, ఎవరైనా పాత ప్రశ్న అడిగితే పాత జవాబు లింకు ఇస్తాము.

తగవులు ఎక్కువగా జీవామృతమా, యూరియానా అన్న చోటే వచ్చేవి. ఒకసారి కారణం చెప్పకుండా ఒక పోస్టు తొలగించినందుకు ఇద్దరు అనుభవజ్ఞులు వెళ్లిపోయారు. ఇప్పుడు దారితప్పిన మాటలను వేరే అంశంగా విడదీసి, రాసినవారికి విడిగా కబురు పెడుతున్నాను. వేడెక్కిన అంశంలో ఒక్కొక్కరు కొంత విరామం తరువాతే మళ్లీ రాసేలా చేసే నిదాన పద్ధతి కూడా బాగా పనిచేసింది.

రచ్చబండ అనే చర్చాబృందం వంటి తెలుగు చర్చలకు నెలవైన యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరు 15న మూతపడింది. ఆ సంగతి గుర్తుంచుకుని ప్రతి వారం బ్యాకప్ తీసే అమరిక పెట్టాను గానీ, ఆ ప్రతులన్నీ అదే సర్వరులో పేరుకుని డిస్కు నిండి వేదిక ఒకరోజంతా ఆగిపోయింది. ఇప్పుడు అవి వేరే చోటికి వెళ్తున్నాయి, ఆరు నెలలకొకసారి ఖాళీ సర్వరులో తెరిచి చూస్తున్నాము. డొమైన్ రుసుము మాత్రం ఇప్పటికీ నా ఒక్కడి కార్డు నుంచే వెళ్తోంది; వచ్చే గడువులోగా మరో ఇద్దరికి తాళాలు అప్పగించడానికి, పాస్‌వర్డుల పట్టిక రాసే పనిలో ఉన్నాను.