మైనస్ 20 గ్యారంటీ అని అమ్మిన వైపర్ లిక్విడ్ మా ఇంటి ఫ్రిజ్‌లోనే గడ్డకట్టింది, విజయనగరం వాళ్లు జాగ్రత్త

ఇప్పుడే ఆ షాపు నుంచి ఇంటికొచ్చాను. కోపం చల్లారాక రాద్దామంటే మొహమాటం అడ్డొస్తుంది, అందుకే చొక్కా కూడా మార్చుకోకుండా రాస్తున్నాను.

షాపు పేరు పెట్టడం లేదు. ఫిర్యాదు చేశాను, అది తేలేదాకా పేరు రాయొద్దని మా బావ గట్టిగా చెప్పాడు. విజయనగరంలో కారుకి సీటు కవర్లో మ్యాట్లో వేయించుకున్నవాళ్లు చాలామంది ఆ మెట్లు ఎక్కే ఉంటారు. నేను ఆరేళ్లుగా ఎక్కుతున్నాను. ఆ ఆరేళ్ల నమ్మకమే నా కొంప ముంచింది.

సంగతి త్వరగా చెప్తాను. కనుమ వెళ్లిన మర్నాడు కారులో మనాలి బయల్దేరాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, నాన్న, మా బావమరిది. సాలూరు ఘాట్ ఎక్కి కొరాపుట్, జగదల్‌పూర్, రాయ్‌పూర్ మీదుగా ఢిల్లీ, అక్కణ్నుంచి చండీగఢ్, పైకి మనాలి. బయల్దేరే ముందు టైర్లు, బ్రేకులు, బ్యాటరీ, కూలెంట్ అన్నీ చూపించాను. అద్దం మీద నీళ్లు కొట్టే ట్యాంకు ఒక్కటే మిగిలింది. మనం ఇక్కడ అందులో కుళాయి నీళ్లు పోసి మర్చిపోతాం. చలి ప్రాంతంలో ఆ నీళ్లు గడ్డకడతాయని, దానికి వేరే లిక్విడ్ ఉంటుందని బావమరిది ఎక్కడో చదివి చెప్పాడు. దాని కోసమే ఆ షాపుకి వెళ్లాను.

ఎక్కడికి వెళ్తున్నానో, ఎవరెవరం వెళ్తున్నామో మొత్తం చెప్పాను. ఈ ముక్క ముఖ్యం. నేను మామూలు వైపర్ లిక్విడ్ అడగలేదు. "చిన్న పిల్లలున్నారు, మంచులోకి వెళ్తున్నాం, గడ్డకట్టనిది కావాలి" అని రెండుసార్లు అన్నాను. షాపాయన లోపలికెళ్లి నీలం రంగు లీటరు డబ్బాలు రెండు తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. "ఏటి గురూగారూ, ఇంత ఆలోచిస్తారు? మైనస్ ఇరవై దాకా చూడక్కర్లేదు. నాది గ్యారంటీ, కళ్లు మూసుకుని వెళ్లిపోండి" అన్నాడు. డబ్బా మీద కూడా పెద్ద అక్షరాలతో మైనస్ 20 అని ఉంది. ఒక్కోటి 450 రూపాయలు. 900 ఇచ్చాను. బిల్లు అడిగితే చిన్న తెల్ల కాగితం మీద 900 అని రాసి సంతకం పెట్టాడు. నేనూ ఊరుకున్నాను. అది నా మొదటి తప్పు.

రెండో తప్పు, డబ్బా వెనక్కి తిప్పి చూడకపోవడం. ఆ తర్వాత చూస్తే తయారీదారు చిరునామా లేదు, తయారైన నెలా సంవత్సరమూ లేవు. ప్యాక్ చేసి అమ్మే ఏ సరుకు మీదైనా తయారీదారు పేరు, చిరునామా, పరిమాణం, నెల, సంవత్సరం, ఎంఆర్‌పీ ఉండాలని 2011 నుంచి నిబంధనే ఉంది. బియ్యం బస్తా మీద ఇవన్నీ వెతికి మరీ చూసే మనిషిని, పిల్లల ప్రాణాలతో ముడిపడ్డ డబ్బా మీద చూడలేదు.

ఢిల్లీ, చండీగఢ్ దాకా నీళ్లు చక్కగా కొట్టింది. పొగమంచులో, దుమ్ములో అద్దం తళతళలాడింది. నాన్నకి చూపించి మరీ మెచ్చుకున్నాను.

మనాలిలో మొదటి రాత్రి కారు హోటల్ బయటే పెట్టాం. మర్నాడు రోడ్డు తెరిచి ఉందని కనుక్కుని, అటల్ టన్నెల్ దాటి సిస్సు చూసొద్దామని బయల్దేరాం. తొమ్మిది కిలోమీటర్ల సొరంగం, పిల్లలు సంబరంగా లైట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు. అటువైపు బయటికి రాగానే మొత్తం తెలుపే. కారు మీటర్లో బయట మైనస్ 9 చూపిస్తోంది. ఎండ మంచు మీద పడి కళ్లల్లోకి కొడుతోంది. సరిగ్గా అప్పుడు ముందు వెళ్తున్న టెంపో చక్రాల కింద నుంచి కరిగిన మంచు, బురద కలిసిన ముద్ద లేచి మా ముందద్దం నిండా పడింది.

వైపర్ వేశాను. ఆ బురద అద్దమంతా పులుముకుపోయింది. నీళ్ల కోసం లివర్ లాగాను. జుయ్‌మని మోటారు చప్పుడు వచ్చింది, చుక్క రాలేదు. మళ్లీ లాగాను. మళ్లీ మళ్లీ లాగాను. కాసేపటికి ఆ చప్పుడు కూడా ఆగిపోయింది. ముందు రోడ్డు లేదు, మలుపు లేదు, ఏమీ లేదు. గోధుమరంగు అద్దం, దాని వెనక మండిపోతున్న వెలుగు. ఒక పక్క కొండ, ఇంకో పక్క కింద చంద్రా నది. బావమరిది కిటికీ దించి తల బయటపెట్టి "కొంచెం ఎడమకి బావా, నెమ్మదిగా, నెమ్మదిగా" అని చెప్తుంటే బ్రేకు మీద కాలు పెట్టి అంగుళం అంగుళం పక్కకి తెచ్చాను. వెనకాల మా ఆవిడ "పైడితల్లమ్మా" అంటూ చిన్నాడిని గట్టిగా పట్టుకుంది. వెనక నుంచి వచ్చే బండి ఏదైనా మమ్మల్ని చూడకపోయి ఉంటే ఈ రోజు ఈ మాటలు రాసేవాణ్ని కాను.

నాన్న దిగి, తాగే నీళ్ల సీసా తెచ్చి అద్దం మీద పోశారు. మా కళ్లముందే ఆ నీళ్లు పొరలా గడ్డకట్టాయి. వైపర్ బ్లేడ్లు కూడా అద్దానికి అతుక్కుపోయాయి. అప్పుడు హీటర్ గాలి అద్దం వైపు తిప్పి, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి ఇరవై నిమిషాలు కూర్చున్నాం. పొర వదులయ్యాక పాత కార్డుతో గీకి, గుడ్డతో తుడుచుకుని వెనక్కి తిరిగాం. సిస్సు చూడలేదు. పిల్లలు అడగలేదు కూడా.

మనాలిలో మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, ట్యాంకులో వేలు పెట్టి, అందులోంచి నీలం రంగు ఐసు ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. పంపు లోపల పగిలింది, మోటారు కాలిపోయింది, ట్యాంకు కింద చీలిక. నీళ్లు ఐసయ్యేటప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, మూసి ఉన్న పంపులో దానికి పోవడానికి చోటుండదు, ప్లాస్టిక్‌నే పగలగొడుతుంది. గడ్డకట్టాక లివర్ లాగుతూ కూర్చుంటే మోటారు కాలిపోతుందని కూడా ఆయనే చెప్పాడు. ఆ పాపం నాదే. మొత్తం 2,600 అయ్యింది. ఆయన పోసిన లిక్విడ్ మూత తీయగానే స్పిరిట్ వాసన గుప్పుమంది. నేను మోసుకెళ్లిన రెండో డబ్బా మూత తీసి వాసన చూశాడు, నాకూ చూపించాడు. నిమ్మకాయ సబ్బు వాసన. అంతే. దాన్ని పారబోయలేదు, ఇంటికి తెచ్చాను.

నిన్న రాత్రి ఆ డబ్బాలోది సగం గ్లాసు చిన్న ప్లాస్టిక్ సీసాలో పోసి మా ఫ్రిజ్ పైన ఫ్రీజర్‌లో పెట్టాను. పొద్దున చూస్తే నీలం రాయి. సీసా అడుగు ఉబ్బి, నిలబెడితే పడిపోతోంది. ఇళ్లల్లో ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉంటుంది. మైనస్ 20 దాకా గడ్డకట్టనిది మైనస్ 18లో రాయి ఎలా అవుతుంది? ఇది ఊరు దాటే ముందు మా వంటింట్లో ఒక్క రాత్రిలో తేలిపోయే విషయం. నేను చెయ్యలేదు. ఆ మలుపు దగ్గర మా పెద్దమ్మాయి ముఖం గుర్తొస్తే నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

ఆ సీసాని ఐసుతో టవల్లో చుట్టి షాపుకి పట్టుకెళ్లాను. జరిగింది మొదటి నుంచి చెప్పాను, అరవలేదు. నాకు డబ్బు వెనక్కి రావాలని కూడా అంతగా లేదు. "అయ్యో, పిల్లలు బాగున్నారా" అని ఒక్క మాట అంటే తిరిగొచ్చేసేవాణ్ని. ఆయన సీసాని చూసి, పక్కన నిలబడ్డ ఇద్దరు కస్టమర్లని చూసి, "ఫ్రిజ్‌లో పెడితే ఏదైనా గడ్డకడతాది బాబూ, దీనికేటి చెయ్యమంటారు" అని నవ్వాడు. వాళ్లూ నవ్వారు.

డబ్బా మీద మైనస్ 20 అని చూపించాను. "అది కంపెనీవోడు రాసింది, నేను రాయలేదు" అన్నాడు. గ్యారంటీ అన్నారు కదా అంటే, "మీరే నీళ్లు కలిపీసుంటారు" అన్నాడు. సీలు తీసింది మనాలిలో, మెకానిక్ ముందు అని చెప్పాను. అప్పుడు గొంతు మారింది. "మన ఊళ్లో నీళ్లు ఎక్కడ గడ్డకడతాయి? మిమ్మల్ని అక్కడికి ఎవరు వెళ్లమన్నారు? అంత భయమున్నోళ్లు అందులో కూలెంట్ పోసుకోవాల్సింది" అన్నాడు.

ఆ మాట దగ్గర నాకు మాట రాలేదు. ఇలాంటి సామాన్లే అమ్ముకుని బతికే మనిషి, పది మంది ముందు, అద్దం కడిగే ట్యాంకులో కూలెంట్ పోసుకోమంటున్నాడు. దయచేసి ఎవరూ ఆ పని చెయ్యకండి. ఇంజిన్ కూలెంట్‌లో ఉండేది ఎక్కువగా ఇథిలీన్ గ్లైకాల్. అది అద్దం మీద జిడ్డులా పాకి, ఉన్న చూపు కూడా పోగొడుతుంది. పైగా తియ్యగా ఉండే విషం, కింద కారితే కుక్కలు నాకుతాయి, పిల్లలు వేళ్లు పెడతారు. ఎదురుగా నిలబడ్డ ఇద్దరిలో ఒకాయన నిజమే కాబోలు అన్నట్టు తలూపాడు. నాకు అదే ఎక్కువ భయమేసింది.

నేను వచ్చేస్తుంటే వెనక నుంచి "తొమ్మిది వందల కోసం ఇంత గొడవా" అన్నాడు. ఆరుగురి ప్రాణాల లెక్క ఆయనకి అంతే.

మన ఊరివాళ్లకి ఈ గోల ఎందుకు అనుకోకండి. లంబసింగి, అరకు వరకైతే నిజంగా ఈ లిక్విడ్ అక్కర్లేదు, మామూలు నీళ్లు సరిపోతాయి. కానీ విజయనగరం, సిక్కోలు జిల్లాల నుంచి సైన్యంలో ఉన్న కుర్రాళ్లు ఎంతమంది లేరు? సెలవుకి వచ్చి కారులో వెనక్కి వెళ్లేవాళ్లున్నారు. మాలాగా మంచు చూడ్డానికి పోయే కుటుంబాలూ ఈ మధ్య ఎక్కువయ్యాయి. ఇంకా రెండో మూడో డబ్బాలు ఆ కౌంటర్ మీదే కనిపించాయి, అందుకే ఇంత రాస్తున్నాను.

కొనేవాళ్లకి నాకు తెలిసింది ఇంతే. మన దగ్గర వైపర్ లిక్విడ్ పేరుతో దొరికేది ఎక్కువగా సబ్బు. చిన్న సీసా, నీళ్లలో కలుపుకునేది. మురికి పోతుంది, చలికి ఆగదు. గడ్డకట్టకుండా ఆపేది అందులోని ఆల్కహాల్. ఇథనాలో, ఐసోప్రొపైల్ ఆల్కహాలో ఎంత శాతం ఉందో లేబుల్ మీద చూసుకోండి. ఇథనాల్ 40 శాతం ఉంటే దాదాపు మైనస్ 27 దాకా ఆగుతుంది, నీళ్లు కలిపి 20 శాతానికి తెస్తే మైనస్ 9 దగ్గరే గడ్డకడుతుంది. కాబట్టి చలిలోకి వెళ్లేటప్పుడు నీళ్లు కలపకూడదు. మిథనాల్ ఉన్నదైతే పిల్లలకి అందకుండా పెట్టండి, తాగితే చూపు పోతుంది, ప్రాణమే పోవచ్చు. కొన్న రాత్రే కొంచెం ప్లాస్టిక్ సీసాలో పోసి, పైన కాస్త ఖాళీ ఉంచి ఫ్రీజర్‌లో పెట్టండి. పొద్దునకి కదిలితేనే కారులో పొయ్యండి.

పోసేటప్పుడు ట్యాంకులో పాత నీళ్లు పూర్తిగా తీసేసి, కొత్తది పోశాక లివర్ లాగి కాసేపు అద్దం మీద కొట్టించండి. లేకపోతే పైపుల్లో, నాజిళ్లలో మిగిలిన పాత నీళ్లే ముందు గడ్డకడతాయి. పొద్దున బండి తియ్యగానే ఒకసారి లివర్ లాగి చూడండి. రాకపోతే లాగుతూ కూర్చోవద్దు, కరిగేదాకా ఆగండి. అద్దం మీద మరిగే నీళ్లు మాత్రం పొయ్యొద్దు, పగులుతుంది. బిల్లు తీసుకోండి.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. ఐదు లక్షల లోపు విషయానికి అక్కడ ఫీజు కూడా లేదు. డబ్బా, తెల్ల కాగితం, మనాలి మెకానిక్ ఇచ్చిన బిల్లు, పగిలిన పంపు అన్నీ ఒక సంచిలో పెట్టాను. ఆ నీలం సీసా మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టాను, పారేయొద్దని ఇంట్లో చెప్పాను. చిరునామా లేని ఆ నీలం డబ్బా మీలో ఎవరైనా కొని ఉంటే వెనకవైపు ఫొటో తీసి నాకు పంపండి, ఫిర్యాదుతో కలిపి ఇస్తాను. దాన్ని కారులో పోసుకుని ఎవరైనా ఇప్పటికే పైకి బయల్దేరి ఉంటే ముందు వాళ్లకి ఫోన్ చెయ్యండి.