వన్‌టౌన్‌లో వైండింగ్ వైరు కొనేవాళ్లూ జాగ్రత్త, నాకు రాగి పేరుతో అల్యూమినియం అంటగట్టారు

ఇప్పుడే షాపు నుంచి వచ్చా, ఒళ్లు మండిపోతోంది, రాతలో తప్పులుంటే సర్దుకోండి. బెజవాడ వన్‌టౌన్‌లో మెట్లు దిగి లోపలికి వెళ్లే ఆ మోటారు సామాన్ల షాపు. పేరు రాయను, మోటార్లు చుట్టించుకునేవాళ్లకు ఈపాటికే అర్థమై ఉంటుంది.

డాబా మీద చిన్న విండ్ జనరేటర్ పెడదామని రెండు నెలలుగా కిందామీదా పడుతున్నా. ఆరడుగుల రెక్కలు మా వడ్రంగి చెక్కిచ్చాడు, ఆటోనగర్‌లో పాత మారుతి కారు చక్రం హబ్ దొరికింది, మేగ్నెట్లు ఆన్‌లైన్‌లో తెప్పించా, రెండు ప్లేట్లకు 8 చొప్పున 16. ఇక ఆరు కాయిల్స్‌కు, అంటే కరెంటు పుట్టే తీగ చుట్టలకు, రాగి తీగ కావాలి. అందరూ కేజీ వెయ్యికి పైనే చెబుతుంటే ఈయన 820 అన్నాడు. "ప్యూర్ కాపర్ సార్, మోటార్లకు ఇదే వేస్తారు" అన్నాడు. 3 కేజీలు, 2,460 రూపాయలు కట్టి తెచ్చుకున్నా.

రీలు చేతికిచ్చినప్పుడే బుర్ర పనిచేయాల్సింది. మూడు కేజీలకు అంత లావు రీలేంటి? అల్యూమినియం కంటే రాగి మూడింతలకు పైనే బరువు, అంటే అదే తూకానికి చిన్న రీలు రావాలి. నేనేమో అబ్బ ఎంత తీగ వచ్చిందో అని సంబరపడి, మా ఆవిడకు చూపించి మరీ మురిసిపోయా. ఇంజనీరింగ్ చదివానండీ, చెప్పుకుంటే సిగ్గు.

వారం రోజులు రాత్రిళ్లు కూర్చుని చుట్టి, అచ్చులో పేర్చి రెజిన్ (ఆరితే గట్టిపడే జిగురు) పోశా. కొసలు తర్వాత కలుపుదాంలే అని బయటికి వదిలేశా, అది నా రెండో తెలివి. నిన్న రాత్రి వార్నిష్ గీకి టంకం పెడుతుంటే ఎంతకీ అంటుకోదే. ఇంకాస్త గట్టిగా గీకితే ఎర్ర పొర లేచిపోయి లోపల తెల్లగా, తోమిన స్టీలు గిన్నెలా మెరిసింది. ఇంకో కొస కోసి చూశా. అదీ అంతే, చుట్టూ ఉల్లిపొర మందాన రాగి, మధ్యలో అంతా తెలుపు.

అయితే ఏముంది, తిరుగుతుందిగా అంటారేమో. అల్యూమినియం రెసిస్టెన్స్ రాగికి దాదాపు 1.6 రెట్లు, పైగా నాది 12 వోల్టుల సెటప్, వోల్టేజీ తక్కువ కాబట్టి కరెంటు ఎక్కువ, గాలి బాగా వచ్చినప్పుడే వైరు వేడెక్కి పవర్‌ను తినేస్తుంది. గాలి వేగం సగమైతే పవర్ ఎనిమిదో వంతుకు పడిపోతుంది కాబట్టి మన ఊళ్లో అసలు ఆశంతా ఆ గాలి బాగా వచ్చే నాలుగు రోజుల మీదే. అప్పుడొచ్చేది కూడా వైరే మింగేస్తే నేను డాబా మీద పెట్టేది జనరేటరా, దిష్టిబొమ్మా?

పొద్దున్నే రెజిన్‌లో పోతపోసిన ఆ కాయిల్స్ చక్రాన్ని సంచిలో వేసుకుని షాపుకు వెళ్లా. కొస చూపిస్తే ఆయన తల కూడా ఎత్తలేదు. "చుట్టేసి, రెజిన్ పోసేసి తెస్తే ఎలా తీసుకుంటామండీ?" అన్నాడు. కాపర్ అని మీరే చెప్పారుగా అన్నా. "వైండింగ్ వైరు అడిగారు, వైండింగ్ వైరు ఇచ్చాం. 820కి రాగి ఎక్కడొస్తుంది సార్, చదువుకున్నవాళ్లు, బిల్లు చూసుకోండి." బిల్లా అది? తెల్ల చిట్టీ మీద 'వై. వైరు 3 కే' అని గీకుడు. నాకు నోరు పెగల్లేదు.

సరే, డబ్బు పోయింది అనుకుని మెట్లెక్కుతున్నా. వెనక నుంచి షాపు కుర్రాడితో అంటున్నాడు, "ఒరేయ్, సారుకు టేబుల్ ఫ్యాన్ చూపించరా, గాలి కావాలంట." అక్కడున్న నలుగురూ నవ్వారు. అందులో ఒకాయన టీ ఒలికిపోతుందని గ్లాసు పక్కన పెట్టి మరీ నవ్వాడు. నేను వెనక్కి తిరగలేదు. ఆటోలో ఆ బరువు ఒళ్లో పెట్టుకుని వస్తుంటే అనాల్సిన మాటలన్నీ అప్పుడు గుర్తొచ్చాయి, వారధి దాటేదాకా ఒకటే.

కొనేవాళ్లు కొస కోసి మధ్యలో రంగు చూడండి, పైపైన గీకితే తెలియదు. మామూలు మల్టీమీటర్‌తో కూడా తేలదు, అంత లావు తీగకు రెసిస్టెన్స్ మరీ తక్కువ. బిల్లు మీద కాపర్ అని రాయించుకోండి, రాయనంటే లేచి వచ్చేయండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేద్దామనే ఉంది, కానీ ఆ చిట్టీ పట్టుకుని ఏం చెప్పను.

మేగ్నెట్లు, హబ్ బాగానే ఉన్నాయి, కాయిల్స్ మాత్రం మళ్లీ మొదటి నుంచి చుట్టుకోవాలి. అసలు రాగి తీగ అమ్మే షాపు ఎవరికైనా తెలిస్తే చెప్పండి, గుంటూరైనా వెళ్తా.