1500 వాట్ల స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్: బరువు ఎక్కువే, కానీ మాట తప్పదు

ముందు మార్కులు చెప్పేస్తాను, తొందరలో ఉన్నవాళ్లు అక్కడితో ఆగిపోవచ్చు. పరాయి దేశంలో కాపురం పెట్టాక కరెంటు బాధ తీర్చుకోవడానికి మా ఇంటికి మూడు వస్తువులు చేరాయి. గోడ వోల్టేజీని పెంచి ఇచ్చే (స్టెప్ అప్ అంటే అదే), ఇనప డబ్బాలాంటి 1500 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్‌కి ఐదుకి నాలుగు. అన్ని దేశాల పిన్నులూ పట్టే చిన్న అడాప్టర్‌కి మూడు. '2000 వాట్ల వోల్టేజ్ కన్వర్టర్' అని పెద్ద అక్షరాలతో అచ్చేసిన అరచేతి సైజు వస్తువుకి సున్నా. అది పాడైన సరుకేం కాదు. మా పనికి రాదు, అంతే.

మేముండే చోట గోడలోంచి వచ్చేది 120 వోల్టులు, 60 హెర్ట్జ్ (కరెంటు అల సెకనుకి ఎన్నిసార్లు తిరిగొస్తుందో ఆ లెక్క). నా కుట్టు మిషన్ వెనక రేకు మీద 230 వోల్టులు, 50 హెర్ట్జ్, 100 వాట్లు అని ఉంది. ఇక్కడే కొత్తది కొనుక్కోమని అందరూ సలహా ఇచ్చారు. పెడల్ ఎంత నొక్కితే సూది ఎంత వేగంగా దిగుతుందో నా కాలికి తెలిసిన మిషన్ అది. దాన్ని వదిలేసి కొత్తదానితో మళ్లీ మొదటి నుంచి కుస్తీ పట్టే ఓపిక నాకు లేదు. దాంతోపాటు 750 వాట్ల మిక్సీ కూడా వచ్చింది. ఇస్త్రీ పెట్టె మాత్రం తేలేదు, ఎందుకో కింద చెబుతాను.

కొనే ముందు ఇంట్లో ఉన్న ప్రతి వస్తువునీ తిరగేసి లేబుల్ చదవండి. 'ఇన్‌పుట్: 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్' అని ఉంటే దానికి కన్వర్టర్‌తో పనే లేదు. ఫోన్ చార్జర్లు, ల్యాప్‌టాప్ చార్జర్లు, కెమెరా చార్జర్లు దాదాపు అన్నీ ఇలాంటివే. వాటికి కావలసింది పిన్ను ఆకారం మారడం ఒక్కటే. అడాప్టర్ చేసే పని కూడా అదొక్కటే, వోల్టేజీని అది ముట్టుకోదు. ఈ తేడా చెప్పకుండా రెండూ ఒకే అరలో పెట్టి అమ్ముతారు. కొనడానికి వచ్చినవాళ్లకి టెన్షన్ అక్కడే మొదలవుతుంది.

ల్యాప్‌టాప్‌కైతే అడాప్టర్ కూడా అక్కర్లేదు. చార్జర్ ఇటుకలోంచి గోడకి వెళ్లే వైరు చాలావాటికి ఊడొస్తుంది. ఇటుక వైపు కొస మూడు గుండ్రాలుగానో, ఎనిమిది అంకెలాగో ఉంటుంది. ఆ కొసలు ప్రపంచమంతా ఒకటే. ఉంటున్న దేశపు ప్లగ్గు ఉన్న వైరు ఒకటి కొని తగిలిస్తే సరిపోతుంది. మానిటర్‌కీ, ప్రింటర్‌కీ ఉండే పెద్ద కొస వైరు కూడా అంతే, ఆ పరికరం లేబుల్ మీద 100-240 ఉందో లేదో చూసుకుంటే చాలు. గోడకి అడాప్టర్, దానికి ప్లగ్గు, మొత్తం గాల్లో వేలాడుతూ ఉండటం కంటే ఇది ఎంతో నయం. పైగా ఎర్త్ ఉన్న వైరైతే ఆ పిన్ను సరిగ్గా తగులుతుంది.

ఇక చిన్న అడాప్టర్ సంగతి. పక్కనున్న మీటలు జరిపితే అమెరికా బద్ద పిన్నులు, యూరప్ గుండ్రటి పిన్నులు, ఇంగ్లండ్ మూడు పలకల పిన్నులు, ఆస్ట్రేలియా ఏటవాలు పిన్నులు వంతులవారీగా బయటికొస్తాయి. ప్రయాణాల్లో బాగా పనికొస్తుంది. యూఎస్‌బీ రంధ్రాలు ఉన్నాయి కాబట్టి ఫోన్ల చార్జర్లు బ్యాగులోంచి తీయనే అక్కర్లేదు. రెండు మార్కులు ఎందుకు తీశానంటే, ఒకటి, ఇలాంటి డబ్బాల్లో చాలావాటికి ఉన్నట్టే దీనికీ ఎర్త్ కనెక్షన్ లేదు. మూడు పిన్నుల ప్లగ్గు దూరుతుంది, మూడో పిన్ను లోపల ఎక్కడా తగలదు. రెండోది, 16 ఆంపియర్ల లావు పిన్నుల ప్లగ్గు ఇందులో పట్టనే పట్టదు.

ఇంకో కిటుకు కూడా ఉంది. డబ్బా మీద 1380 వాట్లు అని గొప్పగా రాశారు. లోపల ఉన్నది 6 ఆంపియర్ల ఫ్యూజు. 230 వోల్టుల దగ్గర ఆరు ఆంపియర్లంటే 1380 వాట్లే, అబద్ధం లేదు. అదే ఫ్యూజు 120 వోల్టుల దగ్గర 720 వాట్లే ఇస్తుంది. అందుకే అడాప్టర్ కొనేటప్పుడు వాట్లు కాదు, ఆంపియర్లు చూడాలి.

ప్లగ్గుల రకాలకి ఇంగ్లిష్ 'ఎ' (A) నుంచి 'ఓ' (O) వరకు అక్షరాలు పెట్టారు, లెక్కేస్తే పదిహేను. ప్రపంచానికంతా ఒకే ప్లగ్గు ఉండాలని అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1986లో ఒక ప్రమాణం తెచ్చింది కూడా. బ్రెజిల్, దక్షిణాఫ్రికా దాని మీద ఆధారపడ్డ ప్లగ్గులు పెట్టుకున్నాయి. మిగతా దేశాలు పట్టించుకోలేదు. ఒకటి చేయబోతే పదిహేనులో అదొకటైంది.

కన్వర్టర్ మావారు ఆర్డర్ చేసింది. 2000 వాట్లు, బరువు అరకిలో కూడా లేదు, అది చూసి ముచ్చటపడ్డారు. పెట్టె అడుగున చిన్న అక్షరాల్లో అసలు కథ ఉంది: ఇన్‌పుట్ 220-240, అవుట్‌పుట్ 110-120. అంటే దించుతుంది, ఎక్కించదు. మాకు కావలసింది దానికి సరిగ్గా తిరగేసిన పని. తేలికపాటి కన్వర్టర్లలో చాలామట్టుకు దించేవే. దించే పని కావాలనుకున్నవాళ్లు కూడా జాగ్రత్తగా ఉండాలి. ఇంత తక్కువ బరువులో అన్ని వాట్లు ఇచ్చేవి కరెంటు అలని ముక్కలుగా కోసి పంపుతాయి. హెయిర్ డ్రయ్యర్, ఇస్త్రీ పెట్టె లాంటి వేడి వస్తువులకి అది చెల్లుతుంది. మోటారుకీ, ఎలక్ట్రానిక్ బోర్డు ఉన్నదానికీ పెడితే వాటి ఉసురు పోసుకున్నట్టే. దాని కాగితంలోనే గంట కంటే ఎక్కువసేపు వాడొద్దని రాసుంది.

ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్. పది కిలోలు దాటిన ఇనుమూ రాగీ. నునుపైన నేల మీద పెడితే సన్నగా 'మ్‌మ్‌' అని మూలుగుతుంది, కింద రబ్బరు చాప వేస్తే తగ్గుతుంది. చూడటానికి అందం చందం లేదు. కానీ చెప్పిన పని చేస్తుంది. మల్టీమీటర్ పెట్టి చూస్తే గోడలో 120, ఇందులో 240కి కాస్త అటూ ఇటూ. సరిగ్గా 230 ఎందుకు రావడం లేదని కంగారుపడకండి. లోపల చుట్లు ఒకటికి రెండు లెక్కలో ఉంటాయి, వచ్చినదాన్ని రెట్టింపు చేయడమే దాని పని. 230 వోల్టుల సామాను ఆ మాత్రం తేడాని మామూలుగా తట్టుకుంటుంది. ఇదే డబ్బాని 100 వోల్టులుండే జపాన్ తీసుకెళితే 200 ఇస్తుంది, అప్పుడు మోటారు కాస్త నీరసంగా తిరుగుతుంది.

100 వాట్ల కుట్టు మిషన్‌కి 1500 ఎందుకంటారా? మిషన్ ఒక్కటే అయితే 300 వాట్లది చాలు, దాన్ని చేత్తో పట్టుకుపోవచ్చు. మిక్సీ కోసమే పెద్దది తీసుకున్నాం. మోటారు తిరగడం మొదలైన ఆ ఒక్క క్షణం రాసినదానికి కొన్ని రెట్లు కరెంటు లాగుతుంది, కాబట్టి మోటారు వాట్లకి కనీసం రెట్టింపు సైజు పెట్టుకోవాలి. అలాగని 3000 వాట్లది తెచ్చుకున్నా లాభం లేదు. 120 వోల్టుల ఇళ్లలో మామూలు సాకెట్ 15 ఆంపియర్లది, 1800 వాట్లకి మించి గోడే ఇవ్వదు.

పనితనానికి వస్తే, పెడల్ మెల్లగా నొక్కినా మిషన్ ఎప్పటిలాగే నడుస్తోంది, కుదుపు లేదు. దాని బల్బు మునుపటికన్నా కాస్త కాంతిగా వెలుగుతోంది. మిక్సీ మూడో స్పీడులో పెట్టినా మూలుగు గొంతు మారుతుంది తప్ప ఆగడం లేదు. ట్రాన్స్‌ఫార్మర్ స్విచ్ వేసిన క్షణాన ఇంట్లో లైట్లు ఒక్కసారి రెప్ప వేస్తాయి. అందుకని ముందు దీన్ని ఆన్ చేసి, తర్వాతే దానికి తగిలించిన వస్తువు ఆన్ చేయండి. రెండూ ఒకేసారి వేస్తే ఎంసీబీ పడిపోవచ్చు.

కోసేసిన ఒక మార్కు ముందున్న సాకెట్‌కి. అన్ని రకాల ప్లగ్గులూ పట్టాలని చేసిన రంధ్రాల్లో గుండ్రటి పిన్నులు వదులుగా కదులుతాయి. మిక్సీ అదిరినప్పుడు లోపల చిటపటమంది. అందుకని బిగుతుగా పట్టే చిన్న ప్లగ్గు అడాప్టర్ ఒకటి మధ్యలో పెట్టాం. ఇంకొకటి, ఏమీ తగిలించకపోయినా ఆన్‌లో ఉంటే డబ్బా వెచ్చబడుతుంది, కొంత కరెంటు అలా ఊరికే పోతుంది. పనవగానే స్విచ్ తీసేయాలి.

ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు మార్చగలదు కానీ హెర్ట్జ్‌ని మార్చలేదు. బ్రష్షులున్న మోటార్లకి, అంటే మిక్సీ, కుట్టు మిషన్, డ్రిల్లింగ్ మిషన్లకి, ఆ తేడా పట్టదు. టేబుల్ ఫ్యాన్ అలా కాదు, 50 హెర్ట్జ్‌ది 60 మీద పెడితే నిర్ణయించినదానికంటే వేగంగా తిరుగుతుంది. గోడ కరెంటు లెక్కతో నడిచే పాత గడియారమైతే గంటకి 12 నిమిషాలు ముందుకి పోతుంది.

ఇస్త్రీ పెట్టె సంగతి చెబుతానన్నాను కదా. 1000 వాట్ల, 230 వోల్టుల పెట్టెని నేరుగా 120లో పెడితే వచ్చేది 270 వాట్లే, చీర మడత కూడా పోదు. తిరగేసి 120 వోల్టులదాన్ని 230లో పెడితే దాదాపు నాలుగింతల వేడి, అదే మాడిపోతుంది. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడొచ్చు కానీ ఒక ఇస్త్రీ కోసం పది కిలోల ఇనుముని గంటలకొద్దీ కాచడం దండగ. వేడి చేసే వస్తువేదైనా ఉంటున్న చోటే కొనుక్కోండి. వోల్టేజీ ఒక్కసారిగా ఎగిస్తే సామానుని కాపాడే 120 వోల్టుల సర్జ్ బోర్డులని 230 వోల్టుల దేశానికి అసలు తీసుకెళ్లొద్దు, లోపలి రక్షణ భాగమే కాలుతుంది.

ఎక్కడ దొరుకుతాయంటే, విమానాశ్రయంలో అడాప్టర్లే ఉంటాయి, అవీ ఖరీదెక్కువ. పెద్ద సూపర్ మార్కెట్లలో ట్రాన్స్‌ఫార్మర్ అడిగితే కన్వర్టర్ చూపిస్తారు. ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు 'స్టెప్ అప్' అన్న మాట తప్పకుండా చేర్చండి, లేకపోతే దించేవి పుంఖానుపుంఖంగా వస్తాయి. అన్నిటికన్నా మంచి దారి, ఆ దేశం విడిచి వెళ్లిపోతున్నవాళ్ల దగ్గర పాతది కొనడం. బరువుకి భయపడి వాళ్లు తక్కువకే ఇచ్చేస్తారు. పాతదైతే వెనకున్న 110/220 స్విచ్ మీ గోడకి తగ్గట్టు ఉందో లేదో ముందు చూడండి. తర్వాత మీ వస్తువునే తీసుకెళ్లి, వాళ్ల ఎదుటే పదిహేను నిమిషాలు నడిపించండి. మూలుగుతుంటే పరవాలేదు. వార్నిష్ కాలిన వాసన వస్తే మాత్రం ఉచితంగా ఇచ్చినా తెచ్చుకోవద్దు.