వీకెండ్ కారు ట్రిప్‌కి వరంగలా, బీదరా, హంపీనా? ఏది మేలు?

శనివారం తెల్లవారుజామున బయల్దేరాలి, ఆదివారం రాత్రికి హాస్టల్లో ఉండాలి, సోమవారం పొద్దున ల్యాబ్. హైదరాబాద్‌లో చదువుకునే నలుగురైదుగురు మిత్రులు కారు తీసుకుని ఏదైనా పాత నగరం చూసొద్దామనుకున్నప్పుడు ముందు వినిపించే పేరు హంపి, తర్వాత వరంగల్. బీదర్ పేరు ఎత్తేవాళ్లు తక్కువ. మూడూ చూసి తీరాల్సినవే. కానీ రాళ్ల దగ్గర ఎన్ని గంటలు గడుపుతారు, స్టీరింగు ముందు ఎన్ని గంటలు కూర్చుంటారు అని లెక్కేస్తే వరుస తిరగబడుతుంది. మొదటిసారి కలిసి వెళ్లేవాళ్లకి బీదర్ మేలు. తెల్లారే లేవగలిగే వాళ్లకి వరంగల్–రామప్ప. హంపి మాత్రం మూడో రోజు చేతిలో ఉంటేనే.

బీదర్ సిటీ నుంచి దాదాపు 145 కిలోమీటర్లు. జహీరాబాద్ దాకా నాలుగు వరుసల జాతీయ రహదారి 65, అక్కణ్ణుంచి కుడికి తిరిగితే ఇంకో 30. మూడు గంటలు చాలు. వరంగల్ కూడా అంతే దూరం, అదే సమయం. అయితే రామప్ప చూడకుండా వచ్చేస్తే ఆ ప్రయాణం సగమే, అందుకు ఇంకో 70 కిలోమీటర్లు కలుపుకోవాలి. హంపి 370 దాటుతుంది. ఎటు వెళ్లినా ఏడున్నర, ఎనిమిది గంటలు పడుతుంది. రానూపోనూ పదహారు గంటలంటే రెండు పగళ్లలో ఒకటిన్నర రోడ్డుకే ఇచ్చేసినట్టు.

పెట్రోలు లెక్క చూద్దాం. ఐదుగురు, బ్యాగులు, ఏసీ అన్నీ ఉన్న చిన్న కారు లీటరుకి 14 ఇస్తే సంతోషించాలి. కంపెనీ చెప్పిన 20 మీద బడ్జెట్ వేసుకుంటే తిరుగుదారిలో చందాలు ఎత్తాల్సిందే. అక్కడక్కడా తిరగడం కలిపి బీదర్‌కి 320 కిలోమీటర్లు, 23 లీటర్లు. రామప్పతో కలిపి వరంగల్‌కి 470 కిలోమీటర్లు, 34 లీటర్లు. హంపికి 840 కిలోమీటర్లు, 60 లీటర్లు. లీటరు రూ. 110 వేసుకుంటే మనిషికి వరుసగా 500, 750, 1,320 పడుతుంది. టోలు, గది, తిండి, కారు అద్దె వేరు.

ఇక అద్దె కారు సంగతి. బీదర్, హంపి రెండూ కర్ణాటకలో ఉన్నాయి. సెల్ఫ్ డ్రైవ్‌కి చట్టబద్ధంగా ఇచ్చే కారుకి నల్ల నంబర్ ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటాయి. తెల్ల ప్లేటు కారుని ఎవరైనా చవగ్గా ఇస్తానంటే తీసుకోవద్దు. అది సొంత వాడకానికి రిజిస్టరైన బండి, అద్దెకి తిప్పి ప్రమాదం జరిగితే బీమా సంస్థ క్లెయిము తిరస్కరించవచ్చు. నల్ల ప్లేటు కారుకైనా సరిహద్దు దాటడానికి ఆలిండియా పర్మిట్టు ఉందా, లేకపోతే కర్ణాటక పన్ను ఎవరు కడతారు అన్నది బుక్ చేసేటప్పుడే అడిగి, జవాబు వాట్సాప్‌లో రాయించుకోవాలి. చెక్‌పోస్టు దగ్గర నిలబడి ఆ వాదన పెట్టుకుంటే పొద్దు గడిచిపోతుంది. వరంగల్‌కి ఈ తలనొప్పి అసలు లేదు, అదే రాష్ట్రం.

చాలా అద్దె సంస్థలు 21 ఏళ్లు నిండినవాళ్లకే కారు ఇస్తాయి. 21 నిండిన ఒకడి పేరు మీద కారు తీసుకుని దారిలో ఇంకొకరు నడపాలంటే ఆ రెండో పేరు కూడా ఒప్పందంలో ఉండాలి. కారు చేతికి రాగానే చుట్టూ తిరుగుతూ ఒక వీడియో తీయండి. నాలుగు తలుపులు, బంపర్ల కింది భాగం, చక్రాల రిమ్ములు, మీటర్లో కిలోమీటర్లు, పెట్రోలు ముల్లు అన్నీ అందులో పడాలి. డిపాజిట్ గొడవలన్నీ బంపర్ కింద గీతల దగ్గరే మొదలవుతాయి. స్టెప్నీలో గాలి ఉందా, జాకీ, స్పానర్ డిక్కీలో ఉన్నాయా చూడండి. ఐదుగురు ఎక్కుతున్నారు కాబట్టి డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కర్ మీద పూర్తి బరువుకి రాసిన గాలి అంకె వేరుగా ఉంటుంది, అదే పట్టించాలి, టైర్లు చల్లగా ఉన్నప్పుడే. ఫాస్టాగ్‌లో డబ్బులు అయిపోతే టోలు దగ్గర యూపీఐతో మామూలు టోలుకి ఒకటింబావు రెట్లు కట్టాలి.

బీదర్‌ని ముందు పెట్టడానికి దగ్గర కావడం ఒక్కటే కారణం కాదు. పదిహేనో శతాబ్దంలో బహమనీ సుల్తాన్ అహ్మద్ షా గుల్బర్గా నుంచి రాజధానిని ఇక్కడికి మార్చాడు. ఆ ఊరు ఇప్పటికీ కోట చుట్టూనే ఉంది. కోట, మదర్సా, అష్టూరు సమాధులు, గురుద్వారా అన్నీ కొద్ది కిలోమీటర్లలోనే. కారు ఒకచోట పెట్టి ఆటోలో తిరిగినా సరిపోతుంది.

శనివారం పదింటికి చేరితే ముందు కోట. లోపల రంగీన్ మహల్ చాలాసార్లు తాళం వేసి ఉంటుంది. బయటినుంచి చూసి వెనక్కి వచ్చేస్తే బీదర్‌లో దాచిపెట్టిన వస్తువుని చూడనట్టే. కోటలోనే ఉన్న పురావస్తు శాఖ ఆఫీసుకి వెళ్లి మర్యాదగా అడిగితే తెరిపిస్తారు. లోపల నల్లరాతిలో సన్నటి గాడులు చెక్కి, వాటిలో ముత్యపు చిప్ప ముక్కలు పొదిగారు. వాకిలి పక్కన నిలబడి తల కొంచెం అటూ ఇటూ కదిపితే చిప్ప ఒకసారి తెల్లగా, ఒకసారి గులాబీ రంగులో, ఒకసారి పచ్చగా మెరుస్తుంది. ఫోటోలో ఇది రాదు. కంటితోనే చూడాలి.

మహమూద్ గవాన్ మదర్సాకి అరగంట చాలదు. 1472లో కట్టిన మూడంతస్తుల విద్యాలయం అది. ముందుభాగంలో సగం, ఒక మీనారు లేవు. ఔరంగజేబు కాలంలో లోపల నిల్వ చేసిన మందుగుండు పేలిపోయింది. మిగిలిన మీనారు మీద నీలం, తెలుపు, పసుపు పలకలు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. దీన్ని కట్టించిన మంత్రిని ఒక దొంగ ఉత్తరం నమ్మి 1481లో సుల్తానే చంపించాడు. చదువుకునే పిల్లలు ఇంకో విద్యార్థి లోకాన్ని చూడగలిగే చోటు ఇది, తొందరపడొద్దు.

అష్టూరుకి సాయంత్రం వెళ్లడం అందరూ చేసే పొరపాటు. అహ్మద్ షా సమాధి లోపల గోడల మీద, గుమ్మటం లోపలి వైపున ఉన్న రంగుల చిత్రాలు చీకట్లో ఉంటాయి. అక్కడుండే మనిషి అద్దంతో బయటి ఎండని లోపలికి కొట్టి చూపిస్తాడు. ఎండ లేకపోతే ఆ పని జరగదు. అందుకే ఆదివారం పొద్దున పెట్టుకోండి.

బిద్రీ పనివాళ్ల దుకాణాలు పాత ఊళ్లో చౌబారా అనే బురుజు చుట్టుపక్కల ఉన్నాయి. జింకు ఎక్కువ, రాగి కొద్దిగా కలిపి పోత పోసి, ఉలితో చెక్కిన గాడిలో వెండి తీగ కొడతారు. చివర్న కోటలోని పాత మట్టిని నవాసారంతో కలిపి రుద్దితే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే మిగులుతుంది. కొనకపోయినా, ఆ ఆఖరి మెట్టు చూపిస్తారా అని అడగండి. కొనేటప్పుడు గీతల మీద గోరు నడిపి చూడండి. పైన రంగు పూసిన నకిలీ అయితే తేడా చేతికి తెలుస్తుంది.

నానక్ ఝీరా గురుద్వారాలో లంగరు భోజనం ఎవరికైనా ఉచితం. తలమీద గుడ్డ ఉండాలి, చెప్పులు బయట పెట్టాలి, వడ్డించినదంతా తినాలి. నరసింహ ఝరణి గుహలో నడుము పైదాకా నీళ్లు ఉంటాయి. ఫోన్లు కారులో వదిలి, ఆరిన బట్టలు ఒక జత పెట్టుకోండి. కొన్ని రోజుల్లో మూసేస్తారు కాబట్టి దానికోసమే వెళ్లొద్దు.

వరంగల్ విషయానికొస్తే, శిల్పం ఒక్కటే కొలబద్ద అయితే బీదర్ దీని ముందు నిలవదు. మన భాష, మన రాజుల ఊరు అన్నది దానికి తోడు. రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభాల గుడి, గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి పూర్తిచేసిన కోట, కోట నడుమ నాలుగు దిక్కులా కీర్తితోరణాలు. ఇవన్నీ హనుమకొండ, వరంగల్‌లలో సగం పూటలో చూడొచ్చు. కోటకి సాయంత్రం నాలుగు తర్వాత వెళ్తే తోరణాల మీద పక్కవాటు ఎండ పడి హంసలు, లతలు విడివిడిగా కనిపిస్తాయి. మధ్యాహ్నం వెళ్తే ఆ నగిషీ అంతా చదునుగా అనిపిస్తుంది.

ఇక్కడ ట్రిప్ పాడయ్యేది అత్యాశ వల్ల. భువనగిరి కోట ఎక్కుదాం, యాదగిరిగుట్ట దర్శనం చేద్దాం, రామప్ప, లక్నవరం, తిరిగొచ్చేటప్పుడు కొలనుపాక అంటారు. ఆదివారం గుట్టలో క్యూ చూశాక మిగతావన్నీ జారిపోతాయి. భువనగిరి బండ కావాలంటే ఉదయం తొమ్మిదిలోపు దిగిపోయేలా ఎక్కాలి. తర్వాత నల్లరాయి పెనంలా కాలుతుంది, మంచినీళ్లు మనిషికి లీటరైనా మోసుకెళ్లాలి. దీన్ని పెట్టుకుంటే లక్నవరం వదిలేయండి.

రామప్పకి ఆదివారం ఏడింటికల్లా చేరండి, అంటే హనుమకొండ నుంచి ఐదున్నరకి కదలాలి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. పునాదిలో ఇసుక నింపారు, శిఖరానికి నీళ్లమీద తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. గోడలు ఎర్రటి ఇసుకరాయి, స్తంభాలు, మదనికలనే స్త్రీమూర్తులు అద్దంలా నునుపు పెట్టిన నల్లరాయి. పొద్దుటి వెలుతురులో ఆ మదనికల నగల మధ్య సందులు, మెడ వెనక నీడ కనిపిస్తాయి. పూజారినో గైడునో అడిగితే దారం దూరేంత సన్నటి రంధ్రాలున్న స్తంభం చూపిస్తారు. సరి సంవత్సరాల్లో మేడారం జాతర రోజుల్లో, దాని ముందు వారాల్లో ములుగు దారి మొత్తం బళ్లతో నిండిపోతుంది. ఆ మాఘమాసంలో రామప్ప ట్రిప్ పెట్టుకోవద్దు.

హంపి ఎందుకు మూడోది? గొప్పతనంలో తగ్గి కాదు. అది ఊరు కాదు, పడిపోయిన రాజధాని మొత్తం. విరూపాక్ష, హేమకూటం, విఠ్ఠల గుడి, మహానవమి దిబ్బ, హజార రాముడి గోడల మీద రామాయణం, తుంగభద్ర అవతల ఆనెగొంది. రాయల కొలువు గురించి చదువుకున్న తెలుగు పిల్లలు వీటిని మూడు గంటల్లో పరుగెత్తి చూడటం బాధగా ఉంటుంది. విఠ్ఠల గుడికి తీసుకున్న టికెట్టు ఆ రోజు జనానా (రాణివాసం) ఆవరణకీ, కమలాపురం మ్యూజియానికీ పనిచేస్తుంది. మధ్యాహ్నం మూడింటికి చేరేవాళ్లకి ఆ ఉపయోగం ఉండదు. మ్యూజియం శుక్రవారం సెలవు.

అసలు ప్రమాదం దారిలో. శుక్రవారం రాత్రి కాలేజీ నుంచి అలాగే నడుపుకుంటూ వెళ్లిపోదామనే ఆలోచన వస్తుంది. రాత్రి రెండు నుంచి ఐదు దాకా ఎంత కుర్రాడికైనా కళ్లు మూతపడతాయి, పాటలు పెట్టినా, అద్దాలు దించినా ఆగదు. రాయచూరు దాటాక సింధనూరు, గంగావతి వైపు వరి పొలాలు. కోతల రోజుల్లో వెనక లైటు లేని ట్రాక్టర్లు, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, ఊరి మొదట్లో రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు తగులుతాయి. పగటిపూట అదే దారి ఎంతో బాగుంటుంది. తుంగభద్ర కాలువలు వచ్చాక ఆంధ్ర నుంచి వెళ్లి స్థిరపడిన రైతుల క్యాంపులు అక్కడ చాలా ఉన్నాయి, తెలుగులో అడిగి భోజనం చేయొచ్చు.

అందుకే రెండు రోజులే ఉండి హంపి తప్పదంటే కారు వదిలేయండి. శుక్రవారం రాత్రి హొసపేటకి స్లీపర్ బస్సెక్కి నిద్రపోండి. పొద్దున 13 కిలోమీటర్లు ఆటోలో హంపి, అక్కడ అద్దె సైకిళ్లు, ఆదివారం రాత్రి మళ్లీ బస్సు. రెండు పగళ్లూ పూర్తిగా మిగులుతాయి. సోమవారమో శుక్రవారమో సెలవు కలిసొస్తే అప్పుడు కారు సరే. కానీ డ్రైవర్లు ఇద్దరుండాలి, రెండు గంటలకోసారి మారాలి, చీకటి పడేలోపు గది చేరాలి. జులై, ఆగస్టుల్లో డ్యామ్ గేట్లు ఎత్తితే నది దాటే పడవలు ఆపేస్తారు. ఆనెగొందికి చుట్టు తిరిగి కారులో వెళ్లడానికి గంట అదనంగా పెట్టుకోండి.