పురుగుని తిన్నాక ఏ మొక్కకి చాకిరీ తక్కువ: ఫ్లైట్రాపా, సన్‌డ్యూనా, పిచ్చరా?

మాది విజయవాడ సత్యనారాయణపురం, మూడో అంతస్తు, తూర్పు బాల్కనీ, పదకొండింటి దాకా ఎండ. అక్కడ పురుగుల్ని తినే మొక్కలు మూడు రకాలున్నాయి. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ "వీటికేం పెడతావు" అనే అడుగుతారు గానీ, తిన్నాక ఏం చెయ్యాలి అని ఒక్కళ్ళూ అడగరు. నా దగ్గర ఆకలికి పోయిన మొక్క ఒక్కటీ లేదండీ, పాడైనవన్నీ తిన్నాకే పాడయ్యాయి.

అందరూ ముందు కొనేది వీనస్ ఫ్లైట్రాప్, నేనూ అంతే. దీని సొంతూరు అమెరికాలో రెండు కరోలినాల చిత్తడి నేలలు. నోరులా తెరుచుకునే దీని ఆకు, అదే ట్రాప్, లోపలుండే సన్న వెంట్రుకల్ని పురుగు ఇరవై సెకన్లలోపు రెండుసార్లు తాకితే టక్కున మూసుకుంటది, కానీ అది సగం పనే, లోపల పురుగు ఇంకా కొట్టుకుంటుంటేనే అంచులు బిగిసి జీర్ణరసం ఊరుద్ది. ఈ సంగతి తెలియక మా అత్తయ్యగారు "పాపం నోరు తెరుచుకుని చూస్తందే, ఏమన్నా పెట్టవే" అని ఉడికిన గుడ్డు ముక్క పెట్టారు. తెల్లారికి సగం తెరుచుకుంది, నాలుగో రోజుకి బూజు. నా తప్పు ఇంకోటి, చిన్న బొద్దింకని వేశా, దాని మీసాలు రెండూ అంచుల మధ్య బయటికి వేలాడుతూ ఉండిపోయాయి, ఆ సందులోంచి రసం కారి ట్రాప్ మొత్తం నల్లగా జావలా అయిపోయింది, వాసన చెప్పక్కర్లేదు. పురుగు ట్రాప్‌లో మూడో వంతుకి మించకూడదని ఆ తర్వాత తెలిసింది.

సరిగ్గా పట్టిందనుకోండి, ఐదు నుంచి పన్నెండు రోజులు ముట్టుకోవద్దు. తెరుచుకున్నాక ఎండిన డొప్ప ఒకటి మిగులుద్ది, గాలికి పోద్ది, లేదంటే పట్టకారుతో వెంట్రుకలకి తగలకుండా తీసెయ్యాలి. ఒక్కో ట్రాప్ మూడు నాలుగు భోజనాలకి నల్లబడి రాలిపోద్ది, అది రోగం కాదు వయసు, నల్లబడినంత వరకే కత్తిరిస్తే చాలు. పక్క ఫ్లాట్ పిల్లలు చీపురుపుల్లతో పొడిచి మూయిస్తుంటారే, దానికి వృథా చాకిరీ అది, తెరుచుకోడానికి మళ్ళీ ఒక రోజు పడుద్ది.

సన్‌డ్యూకి ఈ గోల లేదు, పైగా మన మొక్కే, డ్రోసిరా అని స్కూల్లో చదివాం కదా, దాంట్లో బర్మనై, ఇండికా రకాలు మన రాష్ట్రంలో కూడా పెరుగుతాయి. ఆకు మీది వెంట్రుకల చివర ఉండే బంక చుక్కలకి దోమ అంటుకుంటే పక్కనున్న వెంట్రుకలు కూడా మెల్లగా వంగి దాని మీద వాలతాయి, కాఫీ తాగుతా చూస్తే కప్పు చల్లారిపోద్ది. తిన్నాక నల్ల చుక్కల్లాంటి చెత్త ఆకుమీదే ఉంటది, చూడ్డానికి బాగోదు గానీ హాని లేదు. ఇబ్బందల్లా తొలకరికి ఉసిళ్ళు లేచినప్పుడే. లైటుకి వచ్చి మూకుమ్మడిగా అంటుకున్నాయి, అన్నిటినీ అరిగించుకోలేక ఆకులు బూజుపట్టాయి. ఇప్పుడు ఆ పది రోజులూ రాత్రి బాల్కనీ లైటు ఆపేస్తున్నా.

పిచ్చర్ ప్లాంట్, అదే నెపెంథిస్, నాది మామూలు హైబ్రిడ్. మన దేశంలో సహజంగా పెరిగేది ఖాసియానా ఒక్కటే, మేఘాలయలో, అక్కడి గారో తెగవాళ్ళు దాన్ని మేమాంగ్ కోక్సి అంటారు, దెయ్యం బుట్ట అని. అడవిలోంచి పీకి అమ్మేది మాత్రం కొనకండి, అంతరించిపోతున్న మొక్క. దీనికి తిన్నాక సేవ అంటే చెయ్యి పెట్టకపోవడమే. ఆకు చివర వేలాడే కూజాలోకి చీమలు జారి పడతాయి, నెలల తరబడి అందులోనే నానతాయి. కుళ్ళిందేమో అని కూజాలో నీళ్ళు వంపెయ్యొద్దు, అవి నీళ్ళు కాదు జీర్ణరసం. కుండీ మార్చేటప్పుడు ఒలికిపోతే పావు వంతు దాకా స్వచ్ఛమైన నీళ్ళు పొయ్యొచ్చు. కూజా పైనుంచి ఎండుతున్నా పూర్తిగా ఎండేదాకా ఉంచాలి, ఎండాక కూజానే కత్తిరించాలి, పచ్చగా ఉన్న ఆకుని కాదు.

మూడింటికీ ఒకటే షరతు, నీళ్ళు. టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగిన లవణాల లెక్క, యాభై దాటకుండా చూడాలి. మా బోరు నీళ్ళకి మీటరు పెట్టి చూసి మళ్ళీ ఆ మాట ఎత్తలా. వాననీళ్ళు పట్టి డబ్బాల్లో దాస్తున్నా, అవి అయిపోతే డిస్టిల్డ్ వాటరు. ఎరువు అసలొద్దు, పురుగే ఎరువు.

నన్నడిగితే మన ఊళ్ళో పిచ్చరే మేలు. మే నెల వడగాడ్పుకి కొత్త కూజాలు రాకుండా ఆగిపోద్ది, కుండీని బట్టలుతికే చోట నీడకి మారిస్తే వానలకి మళ్ళీ మొదలెడద్ది. రెండోది సన్‌డ్యూ, పోయినా గింజలు రాల్చి మళ్ళీ మొలుస్తది. ఫ్లైట్రాప్‌కి మూడు నెలలు నిజమైన చలి కావాలి, పది డిగ్రీలు అలా, బెజవాడలో అదెక్కడ దొరుకుద్ది? అందుకే డిసెంబర్లో పురుగులున్న ట్రాప్‌లన్నీ కత్తిరించి, వేర్లకి తడి నాచు చుట్టి, డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో కొత్తిమీర పక్కన పెట్టా. అత్తయ్యగారికి ఇంకా చెప్పలా.