ఉదయగిరి కొండ వేయడానికి ఈ కాటన్ పేపరే కరెక్ట్

ఆరుబయట వాటర్‌కలర్ వేసేవాళ్ళు రంగుల కంటే ముందు పేపర్ మీద డబ్బు పెట్టాలి. నేను 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువుండే మందం కాగితం), నూరు శాతం కాటన్, కోల్డ్ ప్రెస్ (కాస్త గరుకుగా ఉండే) ప్యాడ్ వాడుతున్నాను, మన నెల్లూరు జిల్లా ఉదయగిరి ఎండకి ఇదే తట్టుకుంటోంది. మామూలు డ్రాయింగ్ షీట్ మీద ఆకాశం సగం వేసేసరికే ఆరిపోయి అంచులు కట్టేస్తుంది, పైగా కాగితం అప్పడంలా ఉబ్బుతుంది. ఇదేమో నీళ్ళు పీల్చుకుని తడిని కాసేపు నిలుపుతుంది కాబట్టి వెలికొండల వరుసని దూరం పోయేకొద్దీ పలచన చేసుకుంటూ తీరిగ్గా వేయొచ్చు. అల్ట్రామెరీన్ నీలంలో కాస్త బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమ రంగు కలిపి వదిలితే, రంగు రేణువులు కాగితం గుంటల్లోకి దిగి బండరాయి గరుకుతనం దానంతటదే వచ్చేస్తుంది, అది చూస్తే ప్రాణం లేచొస్తుంది. ధర ఎక్కువే, కానీ రెండు వైపులా వేసుకోవచ్చు. ప్యాడ్ వెనక అట్ట మాత్రం పలచన, కొండగాలికి ఆగదు, వెనక ప్లైవుడ్ ముక్క పెట్టి క్లిప్పులు బిగించండి.