వెడల్పు తగ్గిన గిటార్ నెక్‌కు మేపుల్ బద్దల మరమ్మతు: ఏళ్ల తరబడి వాయించాక నా సమీక్ష

స్ట్రాటోకాస్టర్ తరహా ఎలక్ట్రిక్ గిటార్‌కు చేతితో చేయించిన మేపుల్ చెక్క నెక్ (తీగలు నొక్కి వాయించే పొడవాటి మెడ భాగం) ఒకటి, హీల్ (నెక్ బాడీలో కూర్చునే చివర) దగ్గర రెండు మిల్లీమీటర్ల వెడల్పు తగ్గి తయారైంది. దాన్ని పక్కన పడేయకుండా, హీల్‌కు ఇరువైపులా సన్నని మేపుల్ బద్దలు అంటించి కొలతకు తెప్పించారు. ఆ నెక్‌తోనే నేను విశాఖపట్నంలో ఆదివారం ఆరాధనల్లోనూ, పెళ్లి కచేరీల్లోనూ కొన్నేళ్లుగా వాయిస్తున్నాను. ఇలాంటి మరమ్మతు చేసిన కొత్తలో అందరికీ బాగానే కనిపిస్తుంది కాబట్టి, సముద్రపు తేమలోనూ, ఏసీ గదుల్లోనూ, కారు డిక్కీల్లోనూ నలిగిన తర్వాత అది ఎలా ఉందో చెప్పడమే ఉపయోగమని భావిస్తున్నాను.

ముందుగా కొలతల సంగతి. ఫెండర్ సంస్థ 1954లో స్ట్రాటోకాస్టర్‌ను విడుదల చేసినప్పటి నుంచి ఈ తరహా గిటార్లకు నెక్‌ను జిగురుతో కాకుండా నాలుగు స్క్రూలతో బాడీకి బిగించడం ఆనవాయితీగా వస్తోంది. బాడీలో తొలిచిన పాకెట్ వెడల్పు సుమారు 56 మి.మీ., లోతు సుమారు 16 మి.మీ. ఉంటుంది. అందులో కూర్చునే హీల్ మందం ఫ్రెట్‌బోర్డుతో (నెక్ మీద వేళ్లు నొక్కే పలకతో) కలిపి ఒక అంగుళం, అంటే 25.4 మి.మీ. ఉంటుంది కనుక, తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల మేర నెక్ బాడీ ఉపరితలం కంటే ఎత్తుగా నిలుస్తుంది. నా బాడీ ఈ ప్రామాణిక కొలతలకే రెడీమేడ్‌గా కొన్నది. నెక్‌ను మాత్రం గిటార్లు మరమ్మతు చేసే ఒక మేస్త్రి గారు మేపుల్ దుంగలోంచి చెక్కి ఇచ్చారు. 648 మి.మీ. స్కేలు (తీగ మోగే పొడవు), నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే పట్టీ) దగ్గర 42 మి.మీ. వెడల్పు, 21 ఫ్రెట్లు (స్వరస్థానాల దగ్గర అడ్డంగా ఉండే లోహపు కమ్మీలు), అన్నీ సరిగ్గా కుదిరాయి. హీల్ చివర మాత్రం కాలిపర్స్ 54 దగ్గర ఆగింది.

రెండు మిల్లీమీటర్ల తేడాతో ఏం ముంచుకొస్తుందని చాలామంది అనుకుంటారు. నాలుగు స్క్రూలు నెక్‌ను పాకెట్ అడుగుకు అదిమి పట్టుకుంటాయి, ఆ పట్టులో పక్క గోడలకు పెద్ద పాత్ర లేదు. సాధారణ పది నంబరు తీగల సెట్టు శ్రుతిలో ఉన్నప్పుడు మొత్తం మీద సుమారు 45 కిలోల లాగుడు ఉంటుంది గానీ, అది నెక్ పొడవునా పనిచేసే బలమే తప్ప పక్కకు నెట్టేది కాదు. అయితే పక్క గోడలు చేసే పని ఒకటుంది: నెక్ ఏ గీత మీద నిలవాలో ఆ గీత మీదనే ఉంచడం. ఆ ఆసరా లేనప్పుడు, స్టాండు మీంచి గిటార్ ఒరిగి హెడ్‌స్టాక్‌కు (తీగలు చుట్టి బిగించే నెక్ పైకొసకు) చిన్న దెబ్బ తగిలినా హీల్ స్క్రూల చుట్టూ వెంట్రుకవాసి తిరుగుతుంది. హీల్ దగ్గర అర మిల్లీమీటరు కదలిక నట్ దగ్గరికి చేరేసరికి ఎన్నో రెట్లు పెరుగుతుంది కనుక, మొదటి తీగ ఫ్రెట్‌బోర్డు అంచుకు చేరిపోయి, వేలితో కాస్త కిందికి లాగగానే ఫ్రెట్ మీంచి జారిపోతుంది. 1970లలో వచ్చిన మూడు స్క్రూల స్ట్రాటోకాస్టర్లకు నెక్ కదులుతుందన్న చెడ్డపేరు రావడానికి స్క్రూల సంఖ్య కంటే వదులుగా తొలిచిన పాకెట్లే ఎక్కువ కారణమని నా అభిప్రాయం. పాకెట్ బిగువుగా ఉన్న మూడు స్క్రూల గిటార్‌ను నేనే వాయించి చూశాను, అది ఎక్కడా కదలలేదు.

మొదట మేస్త్రి గారు పాత ఫోన్ రీచార్జి కార్డులను ముక్కలుగా కత్తిరించి రెండు వైపులా దోపి బిగించారు. గిటార్ వెంటనే వాయించదగ్గ స్థితికి వచ్చింది గానీ, ఆ ఏర్పాటు నాకు నచ్చలేదు. ప్లాస్టిక్ నున్నగా ఉంటుంది, నొక్కితే కాస్త అణుగుతుంది, నెక్ విప్పిన ప్రతిసారీ ముక్కలు రాలిపోయి మళ్లీ కొత్తగా సర్దుకోవలసి వస్తుంది. నా నెక్‌లో ట్రస్ రాడ్ (నెక్ వంపును సరిచేసే లోపలి లోహపు కడ్డీ) నట్టు పాతకాలపు పద్ధతిలో హీల్ వైపున ఉండటంతో, రుతువు మారినప్పుడల్లా నెక్ విప్పక తప్పదు. ఒక బస్సు ప్రయాణం తర్వాత పెట్టె తెరిచి చూస్తే మొదటి తీగ బోర్డు అంచున వేలాడుతున్నంత పని అయింది. అప్పుడే శాశ్వతంగా సరిచేయమని అడిగాను.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవలసి వచ్చింది: బద్దలను పాకెట్ గోడలకు అంటించాలా, హీల్‌కు అంటించాలా అన్నది. పాకెట్‌ను ఇరుకు చేయడమే సులువని నేను వాదించాను. దానికి ఆయన "చూడండి మాస్టారూ, పాకెట్ గోడల మీద రంగుంది. జిగురు రంగును పట్టుకుంటుంది గానీ చెక్కను పట్టుకోదు. రేపు రంగు ఊడితే బద్ద కూడా దాంతోనే ఊడొస్తుంది" అన్నారు. ఆ మాటలో నిజముంది. రంగు గీకేస్తే బాడీ అంచులు పెచ్చులూడే ప్రమాదం ఉంది. పైగా పాకెట్ ప్రామాణిక కొలతలో ఉంది, తప్పంతా నెక్‌లో ఉంది. తప్పున్న చోటనే సరిచేస్తే రేపు అదే బాడీకి మరో నెక్ తెచ్చి బిగించుకోవడానికి అడ్డేమీ ఉండదు.

పని చేసిన తీరు నేను దగ్గరుండి చూశాను. హీల్ పక్కలకు ఉన్న వార్నిష్‌ను పాకెట్ లోతు వరకే, అంటే కింది నుంచి 16 మి.మీ. ఎత్తు మాత్రమే గీకి పచ్చి చెక్కను బయటపెట్టారు. నెక్ చెక్కగా మిగిలిన మేపుల్ ముక్కలోంచే ఒకటిన్నర మిల్లీమీటర్ల మందంతో బద్దలు కోశారు. చెక్క నార దిశ నెక్ నార దిశతో సమానంగా పొడవునా ఉండేలా చూసుకున్నారు. నార అడ్డంగా ఉంటే తేమకు నెక్ ఒక దిశలో, బద్ద మరో దిశలో పెరిగి అతుకు విడిపోతుంది. గిటార్‌కు కింది కొమ్ము వైపు కోత లోపలికి ఉండటం వల్ల ఆ వైపు గోడ పొట్టిగా ఉంటుంది, అందుచేత రెండు బద్దలూ ఒకే పొడవు కావు. పసుపు రంగు వడ్రంగి జిగురు పల్చగా రాసి, బద్దల మీద దళసరి చెక్క ముక్కలు ఉంచి క్లాంపులు బిగించి, ఒక పూర్తి రోజు కదపకుండా వదిలేశారు. తర్వాత బల్లపరుపు చెక్కకు చుట్టిన ఉప్పుకాగితంతో రుద్దుతూ, మాటిమాటికీ పాకెట్‌లో పెట్టి చూస్తూ, హీల్ సహజమైన వాలు చెడకుండా మందం తగ్గించుకుంటూ వచ్చారు. హీల్ పక్కలు ఒకదానికొకటి సమాంతరంగా ఉండవు, నెక్ నట్ వైపుకు సన్నబడే వాలే పాకెట్ గోడలకూ ఉంటుంది. ఆ వాలు తప్పితే బద్ద ఒక కొసన మాత్రమే తగిలి మిగతాచోట ఖాళీ మిగులుతుంది.

స్క్రూ రంధ్రాల విషయంలోనే ఈ పని అసలు నైపుణ్యం తెలిసింది. మొదట వేసిన రంధ్రాలు నెక్ పక్కకు జరిగి ఉన్నప్పుడు వేసినవి కనుక వాటిని పూడ్చి కొత్తవి వేయాలి. బజారులో దొరికే గుండ్రటి చెక్క పుల్లను కొట్టి పూడ్చడం మామూలు పద్ధతి, అయితే పుల్ల నార నిలువుగా ఉంటుంది కనుక స్క్రూ మర నారకు సమాంతరంగా దిగి గట్టిగా పట్టుకోదు. మేస్త్రి గారు మేపుల్ పలక ముఖంలోంచి నార అడ్డంగా వచ్చేలా బిరడాలు కోసి వాటితో పూడ్చారు. తర్వాత నెక్‌ను పాకెట్‌లో ఉంచి, మొదటి, ఆరవ తీగలు మాత్రమే కట్టి కొద్దిగా బిగించి, రెండు అంచుల నుంచీ తీగల దూరం సమానమయ్యేవరకు నెక్‌ను సర్ది, అప్పుడు బాడీ వెనుక రంధ్రాల గుండా కొత్త గుర్తులు పెట్టారు. కొలబద్ద కంటే తీగలే మధ్యగీతను కచ్చితంగా చూపిస్తాయి.

బద్దలు అతికిన తర్వాత కూడా ఫ్రెట్‌బోర్డు మాత్రం 54 మి.మీ. దగ్గరే ఉండిపోతుంది, ఈ మరమ్మతుకు ఉన్న అసలు పరిమితి ఇదే. పాతకాలపు బ్రిడ్జ్‌లలో (బాడీ మీద తీగలు ఆనే భాగాల్లో) మొదటి తీగకూ ఆరవ తీగకూ మధ్య దూరం 56.4 మి.మీ. ఉంటుంది. లెక్క వేసి చూస్తే, ఆ బ్రిడ్జ్‌తో నెక్ చివర తీగకూ బోర్డు అంచుకూ మధ్య రెండు మిల్లీమీటర్ల కంటే తక్కువే మిగులుతుంది. అదృష్టవశాత్తు నా గిటార్‌కు బ్రిడ్జ్ మార్చే వీలుంది. కొత్త తరహా 52.5 మి.మీ. బ్రిడ్జ్ తెప్పించి బిగించడంతో అంచు దగ్గర మూడు మిల్లీమీటర్లకు పైగా చోటు దొరికింది. చివరి ఫ్రెట్ల మీద తీగను ఎంత లాగినా ఇప్పుడు జారిపోదు. బ్రిడ్జ్ మార్చే వీలు లేని గిటార్ అయివుంటే, ఈ మరమ్మతుకు నేను ఇంత మంచి మార్కులు వేసేవాడిని కాదు.

వాడకంలో తేలిన సంగతులకు వస్తాను. శ్రుతి నిలకడ విషయంలో ఫిర్యాదు లేదు; కార్డు ముక్కల రోజుల్లో ప్రతి ప్రయాణం తర్వాత తీగల వరుస చూసుకునే అలవాటు ఉండేది, ఇప్పుడు అది పోయింది. నాదం మారిందా అని చాలామంది అడుగుతుంటారు. హీల్, పాకెట్ పక్కలు గట్టిగా తగిలితే స్వరం ఎక్కువసేపు నిలుస్తుందని గట్టిగా నమ్మేవారున్నారు. నాకు మాత్రం ప్లాస్టిక్ ముక్కలున్న రోజులకూ బద్దలు వచ్చిన తర్వాతకూ మధ్య అదే యాంప్లిఫయర్ మీద తేడా ఏమీ వినిపించలేదు. స్క్రూలు అదిమి పట్టే అడుగుభాగం రెండు సందర్భాల్లోనూ ఒక్కటే కనుక తేడా రాకపోవడంలో ఆశ్చర్యం లేదు. నాదం పెరుగుతుందని ఆశించి ఈ పని చేయించుకోవద్దు.

తేమ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరమైంది. వెడల్పు ముఖంగా కోసిన మేపుల్, చెక్కలోని తేమ ఒక శాతం పెరిగితే తన వెడల్పులో దాదాపు మూడో వంతు శాతం పెరుగుతుంది, 56 మి.మీ. హీల్‌కు అది 0.2 మి.మీ. కు కొంచెం తక్కువ. విశాఖలో వేసవి చివరికీ వానల నడిమికీ చెక్కలోని తేమ ఒక్క శాతంతో ఆగదు. వర్షాకాలంలో ఇంటి తలుపు ద్వారబంధానికి పట్టేసినట్టు మొదటి ఏడాది నెక్ పాకెట్‌లో పట్టేసింది, ట్రస్ రాడ్ తిప్పడానికి విప్పబోతే పాకెట్ అంచున రంగు చిన్న పెచ్చు లేచింది. ఆ తర్వాత బద్దలను పొడి వేసవిలో మరికొంత రుద్దించి, దళసరి కాగితం మందమంత ఖాళీ మిగిల్చారు. బిగువుగా ఉంటేనే పని గొప్పదనుకుని, నెక్ పట్టుకుని ఎత్తితే బాడీ కూడా లేచి రావాలని పట్టుబట్టేవారు ఈ ఊరి వాతావరణానికి తగినవారు కారు. ఆ కాగితమంత ఖాళీ ఉన్నా నెక్ ఇప్పటిదాకా కదలలేదు.

అతుకులు మాత్రం గట్టిగానే ఉన్నాయి. గోరుతో వెతికినా ఎక్కడా పగులు తగలదు. ఏసీ గదిలో కొద్ది గంటలు, ఆరుబయట కొద్ది గంటలు ఉన్న రోజుల్లో కూడా అతుకు గీత మీద కొత్త వార్నిష్ చిట్లలేదు. నెక్ ఎన్నిసార్లు విప్పి బిగించినా బద్దల మూలలు చెదరలేదు. అడ్డనార బిరడాల్లో స్క్రూలు ఇప్పటికీ చివరి పావు చుట్టులో గట్టిగానే పట్టుకుంటున్నాయి.

చిరాకు పెట్టేది ఒక్కటే. బద్దలు పాకెట్ లోతు వరకే ఉండటం వల్ల, బాడీ పైభాగానికి సరిసమానంగా, బోర్డు అంచు కింద ఇరువైపులా ఒక మిల్లీమీటరు మెట్టు మిగిలిపోయింది. చెమట, ధూళి కలిసి అక్కడ నల్లటి చారగా పేరుకుంటాయి, తీగలు మార్చినప్పుడల్లా పాత టూత్‌బ్రష్‌తో గీకాలి. పదిహేడో ఫ్రెట్ దాటి పైకి వెళ్ళినప్పుడు అరచేతి అంచుకు ఆ మెట్టు తగిలేది, మూల గుండ్రంగా రుద్దించాక ఇబ్బంది తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. అమ్మదలచుకుంటే కొనేవాడు నెక్ విప్పి చూడగానే అతుకు కనిపిస్తుంది కాబట్టి ధర తగ్గించే అడుగుతాడు.

ఏ తప్పుకు ఈ పద్ధతి చెల్లుతుంది, దేనికి చెల్లదు అన్నది కూడా చెప్పాలి. హీల్ మందం తగ్గి తీగలు మరీ ఎత్తులో ఉంటే, పాకెట్ అడుగు మొత్తం పరుచుకునే పలుచని మేపుల్ పలక వేయించుకోవచ్చు. ఒక చివర మాత్రమే చిన్న ముక్క పెట్టి ఎత్తడం అప్పటికి పని గడిపినా, మధ్యలో ఆసరా లేక బోర్డు చివర ఉబ్బే అవకాశం ఉంది. నట్ దగ్గర వెడల్పు తగ్గిన నెక్‌కు బద్దలు అంటించడం వృథా, ఎందుకంటే అరచేయి ఆ అతుకు మీదనే రోజంతా తిరుగుతుంది, ఫ్రెట్లు కూడా అక్కడి దాకా రావు. ఫ్రెట్ గాడుల లెక్క తప్పితే సంగతి వేరు. 648 మి.మీ. స్కేలులో పన్నెండో ఫ్రెట్ నట్ నుంచి 324 మి.మీ. దూరంలో ఉండాలి, 628 మి.మీ. స్కేలుకు కోసిన బోర్డు అంటించారంటే అది 314 దగ్గర ఉంటుంది, ఆ పది మిల్లీమీటర్లను ఏ బద్దా పూడ్చలేదు, బోర్డు ఊడదీసి కొత్తది వేయాలి లేదా బ్రిడ్జ్‌ను ఇరవై మిల్లీమీటర్లు ముందుకు తేవాలి.

ఇదే పని మళ్లీ చేయించవలసి వస్తే బద్దల విషయంలో ఏమీ మార్చమని అడగను. ట్రస్ రాడ్ నట్టును మాత్రం హెడ్‌స్టాక్ వైపు పెట్టమంటాను. అప్పుడు వానాకాలంలో నెక్ విప్పే పని ఉండదు, పాకెట్ అంచు రంగు కూడా నిలుస్తుంది.